నాలుగో కాలు

పొదిలిలో పాత ధాన్యం గోదాము.
ఆ గోడనుంచి ఈ గోడకు తాడు కట్టి
బట్టల క్లిప్పులతో పదకొండు అచ్చుబొమ్మలు
వేలాడేసింది డ్రాయింగు టీచరు ఖాశింబీ.
నేను వెళ్లింది బొమ్మల కోసం కాదు.
కనిగిరి బస్సుకింకా గంటుంది,
లోపల ఫ్యాను తిరుగుతోంది.

ముప్పై రెండేళ్లు టేపు పట్టుకు తిరిగినవాణ్ణి.
మూపురం ఎత్తెంత, ఛాతీ చుట్టెంత,
గంగడోలు బొడ్డుదాకా జారిందా,
తోక కుచ్చు నలుపేనా -
ఒంగోలు పశు ప్రదర్శనల్లో గిత్త పక్కన నిలబడి
అంకెలు అరిచి అరిచి గొంతు బొంగురైనవాణ్ణి.
బొమ్మ ముందూ అదే చేశాను.
మూపురానికి పదికి తొమ్మిది.
కళ్లచుట్టూ నలుపు, సరే.
కొమ్ములు పొట్టి, సరే.
వెనక కాలొకటి లేదు.

"నాలుగో కాలేదమ్మా?"
"కాగితం బయటుంది సార్."

ఊరుకోలేదు నేను.
"సుడి ఎడమ పక్కనుంది. ఇట్టాంటి గొడ్డును
ఎవరూ బేరమాడరు."
"అచ్చులో కుడి ఎడమవుద్ది సార్.
బేరానికి ఎట్టాగూ ఎవరూ రాలేదులే."

బల్ల కిందనుంచి ఇంకో కాగితం తీసింది.
అదే గిత్త, నాలుగు కాళ్లూ ఉన్నాయి,
వెనక బండ కూడా ఉంది.
ఆస్పత్రి గోడమీది చార్టులో మాదిరి
బుద్ధిగా నిలబడింది.
"ఇది పాడైంది" అంది.
నాకు బాగానే కనపడింది, పైకి చెప్పలేదు.

"కళ్లు సగం మూసి చూడండి సార్."
మిరపకల్లంలో గాలి లేచినప్పుడు మూస్తామే, అట్టా మూశాను.
గిత్త పోయింది.
ఎడమకు ఒరిగిన తెల్లటి బరువొకటి మిగిలింది.
పొట్టకింద ముక్కోణం నలుపు,
దాని మొన ముందుకాలి మడమ దగ్గర గుచ్చుకుని.
జంటగిత్త కొమ్ము కొస మాత్రం
మూపురం వెనకనుంచి, గోరంత.
మోకు బిర్రుగా సాగి సాగి
కాగితం అంచు దగ్గర ఆగింది.
బండ లేదు.
గీసి ఉంటే దానికో కొలత వచ్చేది,
ఇన్ని క్వింటాళ్లని నేనే చెప్పేసేవాణ్ణి.
ఇప్పుడది ఎంతో
లాగే గిత్తకు తెలుసు.

అప్పుడడిగాను, తెల్లరంగు ఏ కంపెనీదని.
నవ్వింది. ఉలి చూపించింది.
తెలుపు వేసేది కాదంట. చెక్కి తీసేసిన చోట
సిరా అంటదు, అంతే.
ఆరు క్వింటాళ్ల గిత్త మొత్తం
ఆమె తీసి పారేసిన పొట్టు.
ఊడ్చి చేటలో పోసిందంట.

పక్క బొమ్మలో నెల్లూరు గొర్రెలు,
మంద మొత్తం ఒకే ముద్ద.
ఏ గొర్రెకూ హద్దు గీత లేదు,
చెవులూ కాళ్లే, మధ్యలో ఒక ముఖం
మనవైపు తిరిగి నములుతా.
అలవాటు చావదుగా, చెవులు లెక్కపెట్టాను.
ఇరవైతొమ్మిది.
ఒకటి ఎక్కడుందోనని వెతికి వెతికి
చివరికి లెక్కే వదిలేశాను.
పైన చారెడు ఖాళీ ఉంది,
గొర్రెలన్నీ ఆ ఖాళీని మోస్తున్నట్టుంది
లేకపోతే అదే వాటిని ఒదిగించి పట్టుకున్నట్టుంది,
ఏదో తేలలేదు.

గంట బస్సు తప్పిపోయింది.

తర్వాతి బస్సులో కిటికీ సీటు దొరికింది.
దారిలో ఏదో కుంటలో బర్రె పడుకుని ఉంది,
నీళ్లమీద వీపూ ముట్టీ మాత్రమే నల్లగా.
తల కొంచెం వెనక్కి తీశాను,
కిటికీ ఊచ ముట్టికి అడ్డొచ్చింది.
ఇంకాస్త వంచాను,
వీపు గీత ఊచను సరిగ్గా మూడోవంతులో
తాకేదాకా.

"ఏందయ్యా, మెడ పట్టేసిందా?"
పక్కన పొగాకు చెక్కులాయన.
అవునన్నాను.